సిస్టరమ్మ చెప్పిన ఇటలీ

కోపం వయసుతో చల్లారుతుందని అంటారు. నాది చల్లారలేదు. ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ చేతిలో ఉన్న పని ఆగిపోతుంది. అందులో సగం కోపం మా బాపు మీద, సగం నా మీద. ఎవరి మీద ఎంతో చెప్పాలంటే జరిగింది జరిగినట్టు రాయాలి.

నిజాం రాజ్యంలో మా ఇబ్రహీంపట్నంలో ఇటలీ నుంచి వచ్చిన మఠకన్యలు నడిపే చిన్న దవాఖాన ఉండేది. రెండు పెంకుటి గదులు, ఒక పొడుగాటి వరండా, వెనక మేముండే కొట్టం. దాన్ని నడిపేది నలభై ఏళ్ళ సిస్టరు ఒకామె. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేవారు. పురుడు పోయడం, కట్లు కట్టడం నేర్పడానికి అక్కడ ఆరుగురు ఆడపిల్లలను చేర్చుకున్నారు. ఇద్దరు గోవా వాళ్ళు, ఒకమ్మాయి సింహళం నుంచి, ఒకమ్మాయి మద్రాసు వైపు నుంచి, ఒకమ్మాయి బీదరు నుంచి. ఆరో దాన్ని నేను, ఊరి పటేల్ బిడ్డను.

నన్ను చదువు మీద ప్రేమతో పంపలేదు. పన్నెండేళ్ళకు పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళకు నా పెనిమిటి ఇంకొక ఆమెను తెచ్చుకున్నాడు. నేను పుట్టింటికి వచ్చి కూర్చుంటే చూసేవాళ్ళకు ఏం చెప్పాలో బాపుకు తోచలేదు. దవాఖానకు జాగా ఇచ్చింది ఆయనే కాబట్టి, నన్ను అక్కడ చేర్పిస్తే పటేల్ బిడ్డ సేవ చేస్తోందన్న పేరైనా వస్తుందనుకున్నాడు. నాకు అప్పుడే కోపం. అయినా వెళ్ళాను, ఇంట్లో ఉండడం కంటే నయమని.

మా ఆరుగురికీ కలిసిన భాష ఒకటి లేదు. ఆరు నెలల్లో అందరం తెలుగులో పడ్డాం. వచ్చే రోగులకు అదొక్కటే వచ్చు మరి. సిస్టరమ్మ కూడా తన తెలుగు పుస్తకాల్లో నేర్చుకోలేదు, మంచాల పక్కన నిలబడి నేర్చుకుంది. మా ఊరి ఆడవాళ్ళలాగే "జర ఆగు బిడ్డా" అనేది, కాకపోతే మాటకు మాటకు మధ్య కొంచెం సాగదీసేది.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక గంట ఆమె మాకు తన దేశం గురించి చెప్పాలి. అది పట్నంలో ఉండే వాళ్ళ పెద్ద సిస్టరు పెట్టిన నియమం. ఎక్కడెక్కడి పిల్లలో ఇటలీ వాళ్ళ చేతి కింద నేర్చుకుంటున్నప్పుడు ఆ దేశం ఎలాంటిదో తెలియాలి కదా అని. సిస్టరమ్మ ఒక అట్టపెట్టెలోంచి రంగు కార్డులు తీసి చూపించేది. పాలరాతి గుళ్ళు, నీళ్ళలో కట్టిన ఊరు, మంచు కొండలు. ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పి మళ్ళీ పెట్టెలో పెట్టేది. గోడ మీద వాళ్ళ దేశాన్ని ఏలుతున్న నాయకుడి పటం ఒకటుండేది, గడ్డం ముందుకు పెట్టి నిలబడ్డ మనిషి. ఆ పటం గురించి మాత్రం ఆమె ఎన్నడూ ఏమీ చెప్పలేదు.

మూడు నాలుగు శనివారాలు విన్నాక నాకు విసుగొచ్చింది. మా రాజ్యానికి వచ్చినవాళ్ళకు చార్మినారు చూపించి, మా ఊళ్ళో వెట్టి సంగతి చెప్పకపోతే ఎట్లా ఉంటుందో అలా ఉంది ఆ పాఠం. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఈ గుళ్ళు సరే, మీ ఇంట్లో పొద్దున ఏం తినేవాళ్ళు అని.

ఆమె చేతిలో కార్డు పక్కన పెట్టింది. "గటక," అంది. మా ఊళ్ళో పేదలు తినే సంకటి పేరు ఆమె నోట వినగానే మేమందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. మక్క పిండి గట్టిగా వండి, చల్లారాక దారంతో కోసుకుని తినేవారట. పొద్దునా అదే, రాత్రీ అదే. ఏళ్ళ తరబడి అదొక్కటే తిన్నవాళ్ళకు చేతుల మీద తోలు పగిలి ఊడేదట, కొందరికి మతి కూడా తప్పేదట. వాళ్ళ నాయనమ్మ అలాగే పోయిందట. అంత చెప్పి, ఇది పాఠంలో లేదు, ఎవరికీ చెప్పకండని పెట్టె మూసేసింది.

ఇంకొక సంగతి కూడా నేను గమనించాను. దవాఖానలో రోజూ ఎవరికో ఒకరికి ఆముదం పట్టాల్సి వచ్చేది. అన్నీ తన చేతులతో చేసే మనిషి, ఆ సీసా మాత్రం ముట్టేది కాదు. నన్ను పిలిచి, నువ్వు పట్టు అని అటు తిరిగి నిలబడేది. మా బాపు ఎర్ర చెల్కల్లో పండించేది ఆముదాలే. మా ఆముదాలు ఓడలెక్కి తెల్లవాళ్ళ దేశాలకు పోతాయని ఆయనకు గొప్ప. సిస్టరమ్మకు ఆ వాసన పడదేమో అనుకున్నాను.

అబిసీనియా మీద ఇటలీ యుద్ధం చేసి గెలిచిన రెండేళ్ళకు, ఎండాకాలం చివర్లో, బొంబాయి నుంచి ఇటలీ పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. తమ దేశపు మఠాలన్నీ చూస్తూ తిరుగుతున్నాడట. ఆయన వెంట మ్యాజిక్ లాంతరు ఉంది, అద్దపు బిళ్ళలు పెట్టి గోడ మీద బొమ్మలు చూపించే యంత్రం. పరదేశపు పిల్లలకు కొత్త ఇటలీని చూపిస్తానన్నాడు. ఆయనకు ఇటలీ మాట, కొంచెం ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. సిస్టరమ్మ పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి.

కిటికీలకు గొంగళ్ళు కట్టి గది చీకటి చేశాం. లోపల ఉక్కకు ఊపిరాడలేదు. ముందు కుర్చీలో మా బాపు, జాగా ఇచ్చిన పెద్దమనిషిగా. చాప మీద మేం ఆరుగురం. ఆరోజు మందుకు వచ్చిన నాట్లేసే ఆడవాళ్ళు పది మంది దాకా వరండాలో ఉన్నారు. బొమ్మలాట అనగానే వాళ్ళంతా గుమ్మం దగ్గర గుమిగూడారు. వాళ్ళకు ముందు నిలబడింది నాట్లలో పాట అందుకునే అవ్వ. బురదలో నాని కాలివేళ్ళ సందులు పుండ్లు పడితే ప్రతి ఏడూ వచ్చి కట్టు కట్టించుకునేది. వాళ్ళంతా మా పొలంలో కూలి లేకుండా వెట్టికి నాటేవాళ్ళే. పెద్దచెరువు కింద ఎవరి మడి నాటినా నాటకపోయినా, పటేల్ మడి ముందు నాటాలి. చీకటితో దిగి మసక పడ్డాక ఎక్కాలి. నేను ఆ అన్నం తినే పెరిగాను.

బొమ్మలు ఒక్కొక్కటే గోడ మీద పడుతున్నాయి. వెడల్పాటి రోడ్లు. మడుగులు ఎండగట్టి కట్టిన కొత్త ఊళ్ళు. బారులు తీరిన విమానాలు. పది మంది పిల్లల్ని కన్నదని పతకం పెట్టుకున్న తల్లి. ఆయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, సిస్టరమ్మ ఏ రంగూ లేని గొంతుతో తెలుగు చేస్తోంది. అబిసీనియా బొమ్మ వచ్చింది, నల్లవాళ్ళ చేత రోడ్డు వేయిస్తున్న సిపాయిలు. అక్కడి వాళ్ళకు తాము నాగరికత నేర్పుతున్నామన్నాడట. వాళ్ళ దేశం వాళ్ళకు లేకుండా చేసి నేర్పేది ఏమిటని పళ్ళు పటపట కొరికాను. పక్కనున్న సింహళం పిల్ల నా చేయి పట్టుకుని ఊరుకోబెట్టింది.

తర్వాతి బొమ్మ పడగానే గుమ్మం దగ్గర కలకలం. మోకాళ్ళ లోతు నీళ్ళలో, వరసగా వంగి, నాటేస్తున్న ఆడవాళ్ళు. నెత్తిన వెడల్పాటి గడ్డి టోపీలు. అంతే తేడా.

"ఓ, వీళ్ళు మన లెక్కనే ఉన్నరు," అంది అవ్వ.

పెద్దమనిషి నవ్వుతూ ఏదో చెప్పాడు. సిస్టరమ్మ తెలుగు చేయలేదు. ఆయన ఆమె వైపు చూసి మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఆమె గోడ వైపు నుంచి గుమ్మం వైపు తిరిగింది.

"మా దేశంల ఆడోళ్ళు పాటలు పాడుకుంట సంబురంగ నాటేస్తరని ఈయన అంటున్నడు. మా అమ్మ గీ నీళ్ళల్లనే నాటేసింది. నేను చెప్త, వినుండ్రి."

చెప్పింది. గొంతు పెంచలేదు, ఆపనూ లేదు. నలభై రోజులు ఇల్లూ పిల్లల్నీ వదిలి పోయేవారట. కొట్టాల్లో గడ్డి మీద పడుకునేవారట. జలగలు, దోమలు, చలి జ్వరాలు. దొర మనిషి కట్టె పట్టుకుని ఒడ్డు మీద నిలబడేవాడట. ఒక ఏడు ఆడవాళ్ళంతా కూడబలుక్కుని నీళ్ళలోంచి ఒడ్డెక్కారట. రోజుకు ఎనిమిది గంటలే, తొమ్మిదో గంట వంగబోమని కూర్చున్నారట. సిపాయిలు వచ్చినా లేవలేదట. ఆ ఎనిమిది గంటలు సాధించుకున్నాకే తన తల్లి పొద్దుండగానే కొట్టానికి వచ్చి పడుకోవడం, ఆ ఏడు వెంట పోయిన తాను చూసిందట.

పెద్దమనిషి తల ఊపుతున్నాడు. తన రెండు ముక్కలనే ఈమె ఇంత బాగా విడమరిచి చెబుతోందని సంతోషపడుతున్నాడు. బాపు మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు.

సిస్టరమ్మ ఇంకా చెప్పింది. తన అన్న ఆ కూలీల సంఘంలో రాతకోతలు చూసేవాడట. గోడ మీది ఆ పటంలో ఉన్నాయన మనుషులు నల్ల అంగీలు వేసుకుని ఊళ్ళ మీద పడ్డ రోజుల్లో అతన్ని పట్టుకున్నారు. బజారులో కుర్చీకి కట్టేసి, తల్లి చూస్తుండగా, సీసాడు ఆముదం తాగించారు. బట్టలు పాడైపోయిన మనిషిని అలాగే ఊరంతా తిప్పారు.

"సంపలేదు," అంది సిస్టరమ్మ. "గా చలికాలం దాటలేదు మా అన్న. ఇంట్లకెళ్ళి బయటికి రాకుంటనే పోయిండు."

పెద్దమనిషి చివరి బిళ్ళ పెట్టాడు. గుర్రం మీద వాళ్ళ నాయకుడు. ఆయన చాలా సేపు మాట్లాడాడు. సిస్టరమ్మ ఒక్క ముక్కలో తెలుగు చేసింది.

"గీయననే."

గొంగళ్ళు విప్పాక పెద్దమనిషి ఆమె చేయి పట్టుకుని ఊపి మెచ్చుకున్నాడు. మా అందరికీ తలా ఒక కార్డు ఇచ్చి బండెక్కాడు. నా కార్డు నేను అక్కడే చింపేశాను.

ఆదివారం ఇంటికి వెళ్ళాను. బాపు అన్నం తింటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు. "సిస్టరమ్మ మీకు రోజు గట్లనే చెప్తదా?"

నాకు గర్వం. నా గురువు అలాంటిదని చూపించుకోవాలనే ఆరాటం. "అవ్ బాపు, అన్నీ చెప్తది," అన్నాను. నిజానికి ఆమె చెప్పింది ఆ ఒక్కనాడే. నా అబద్ధం నేను కనిపెట్టకముందే ఆయన చేయి కడుక్కుని లేచాడు.

పది రోజులకు, ఒక మధ్యాహ్నం, పట్నం నుంచి పెద్ద సిస్టరు వచ్చింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఆరోజు సిస్టరమ్మ ఏం చెప్పిందని అడిగింది. గోవా పిల్లలు నేల చూపులు చూశారు. సిస్టరమ్మ అక్కడే ఉంది, ఉన్నది చెప్పండి అంది. నేను ముందుకొచ్చి మొత్తం చెప్పాను, ఒక్క మాట పోకుండా. అందులో తప్పేముంది, విన్నవాళ్ళు తల దించుకోవాలి గానీ అనుకున్నాను. అంతా విన్నాక పెద్ద సిస్టరు ఉర్దూలో రాసిన కాగితం ఒకటి తీసి, అర్థం చెబుతూ చదివింది. ఈ దవాఖానలో కూలీలకు పని ఎగ్గొట్టడం నేర్పుతున్నారనీ, ఇది రోజూ జరుగుతోందని తన సొంత బిడ్డే ఒప్పుకుందనీ, సర్కారు కలగజేసుకోకముందే ఆమెను పంపేయాలనీ. కింద మా బాపు దస్కతు.

రోజూ కాదు, ఒక్కసారే అని అరిచాను. పెద్ద సిస్టరు కాగితం మడిచింది. ఆమెకు కావలసింది నేను అప్పటికే చెప్పేశాను.

సిస్టరమ్మ సామాను ఒక చిన్న పెట్టెలో సరిపోయింది. ఆమె సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి ఆమె మీదే అరిచాను. ఆ పెద్దమనిషికి తెలుగు రాదు, నువ్వు కాదంటే ఎవరు రుజువు చేసేవాళ్ళు, ఎందుకు ఒప్పుకున్నావని. నేను అంత కోపంగా మాట్లాడినా ఆమె పెట్టె మూయడం మానలేదు.

"పదిహేనేండ్లు కార్డులు చూపిచ్చిన బిడ్డా," అంది. "మా అన్నను గట్ల చేసినోని పటం కింద కూసోని చూపిచ్చిన. ఒక్కనాడు సక్కగ చెప్పిన. గది కాదని ఎట్లంట?"

సర్కారు బస్సు ఎక్కించడానికి మేం ఆరుగురమూ వెళ్ళాం. పెట్టె సర్దుకున్నప్పటి నుంచి బస్సెక్కేదాకా నేను ఆమెను ఒక్కసారీ క్షమించమని అడగలేదు. బస్సు తుర్కయాంజాల్ వైపు దుమ్ము లేపుకుంటూ పోయాక ఆ మాట నోటికొచ్చింది. తర్వాత ఆమెను ఎక్కడికో దూరపు మఠానికి పంపారని విన్నాం. రెండో ప్రపంచ యుద్ధంలోకి ఇటలీ దిగాక ఇక్కడున్న ఇటలీ వాళ్ళందరినీ శత్రువులని నిఘాలో పెట్టారు. ఆమె ఎక్కడుందో, ఉందో లేదో నాకు ఎన్నడూ తెలియలేదు.

సిస్టరమ్మ వెళ్ళిపోయిన నెలకు నాట్లు మొదలయ్యాయి. మూడో రోజు, పొద్దు ఇంకా బారెడుండగా, మా మడిలో పాట ఆగిపోయింది. అవ్వ నడుము ఎత్తి, చేతిలో నారు కట్టను ఒడ్డున పెట్టి, పైకెక్కింది. ఆమె వెనక అందరూ ఎక్కారు. మా మనుషులు తిట్టారు, బాపు స్వయంగా వచ్చాడు. వాళ్ళు ఒడ్డున చెంగులు పిండుకుంటూ కూర్చున్నారు తప్ప మళ్ళీ దిగలేదు. పొద్దుండగానే ఎక్కుతాం, మసక దాకా ఉండం, అంతే చెప్పారు.

బాపు రావిర్యాల నుంచి వేరే కూలీలను తెప్పించాడు. వాళ్ళు ఒక పూట నాటి, ఒడ్డున కూర్చున్న వాళ్ళతో మాట్లాడి, రెండో పూట వాళ్ళూ ఎక్కేశారు. నారు ముదిరిపోతోంది. బాపు నన్ను దవాఖాన నుంచి పిలిపించాడు. వాకిట్లో నిలబెట్టి, "నువ్వే కదా నేర్పినవ్?" అన్నాడు.

నేర్పానని చెప్పుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ అది నిజం కాదు. నేను ఏమీ చేయలేదు.

"వాళ్ళకు ఒకరు నేర్పాల్నా బాపు? వాళ్ళ నడుములు వాళ్ళకు లేవా?" అన్నాను. "నువ్వు సిస్టరమ్మను ఎల్లగొట్టినవ్. నా మాట అడ్డం పెట్టి ఎల్లగొట్టినవ్. ఇంక నీ ఇంట్ల అన్నం ముట్ట."

ఆయన నా చెంప మీద కొట్టాడు. నేను అక్కడి నుంచి నడిచి దవాఖానకు వచ్చేశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో తినలేదు.

నాలుగో నాడు ఆయన దిగొచ్చాడు. పొద్దుండగానే ఎక్కవచ్చన్నాడు. వెట్టి మాత్రం పోలేదు. పని గంటలు తగ్గాయి, అంతే. అదైనా గెలుపని నేను సంబరపడ్డాను. పంట కోసి కుప్ప వేసేదాకా బాపు ఏమీ అనలేదు. కోతలయ్యాక, అవ్వ గుడిసె ఉన్న జాగా తనదని చెప్పి, దాన్ని పీకించాడు. నాకు తెలిసేసరికి ఆమె కుండలు, చాపలు నెత్తిన పెట్టుకుని బాలాపూర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

చదువు పూర్తయ్యాక నేను ఊళ్ళు తిరిగి పురుళ్ళు పోసేదాన్ని. ఒకసారి బాలాపూర్ వెళ్ళినప్పుడు ఆమెను వెతుక్కుంటూ పోయాను. కట్టు కట్టమని కాలు చాపింది. నేను కట్టు కడుతూ, ఆనాడు అన్నం దగ్గర బాపుతో నేనాడిన అబద్ధం, దాని వల్ల సిస్టరమ్మ వెళ్ళిపోవలసి రావడం చెప్పాను. నా మీద నాకున్న కోపమంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, విసుక్కుంది.

"నీ ఒక్క మాటతోని అయ్యిందా అమ్మా? గంత బలమున్నదా నీ మాటకు? ఆమెను ఎల్లగొట్టింది మీ బాపు, నా గుడిసె పీకిచ్చింది మీ బాపు. కోపం ఆయన మీద పెట్టుకో, సగం నీకే పెట్టుకుంటె ఆయనకు తక్కువ పడ్తది."

నిజాం రాజ్యం పోయిన ఏడు, కొత్త సర్కారు మనుషులు వెట్టి సంగతి విచారించడానికి ఊరికి వచ్చారు. బాపు అప్పటికి ముసలివాడయ్యాడు. పదేళ్ళలో మొదటిసారి నా గుమ్మానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నలుగురూ నా మాట నమ్ముతారని, ఒక్క మాట సాయం చెయ్యమని అడిగాడు.

"పటేల్ మంచోడే అని చెప్పు బిడ్డా. గంతే."

"ఏం జరిగిందో గదే చెప్త బాపు," అన్నాను.

చెప్పాను. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న అధికారి ముందు నిలబడి, మడిలో మసక దాకా వంగిన నడుముల గురించి, పీకిన గుడిసె గురించి, తేదీలు గుర్తులేకపోయినా మనుషులను గుర్తుపెట్టుకుని చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు, వెళ్ళిపోయారు. బాపుకు ఏమీ కాలేదు. ఆయన మంచాన పడి పోయేదాకా నాతో మాట్లాడలేదు. పోయిన రోజు వెళ్ళాను. ఆడవాళ్ళు నా భుజం మీద చేయి వేసి, చచ్చినోళ్ళ మీద కోపమేంది అన్నారు. ఆ చేయి తీసేసి, చేయాల్సిన పనులు చేసి, ఇంటికి వచ్చాను.